కోటు మాటున రివాల్వరు

1881వ సంవత్సరము జూన్ నెలలో వాషింగ్టన్ నగరమందలి ఒక ఆయుధముల అంగడికి చార్లెస్ గిటో అను వ్యక్తి వచ్చెను. చేతిలో ఉన్నది అప్పు తెచ్చిన సొమ్ము. అంతకు ముందు ఆయుధము పట్టిన అలవాటు లేదు. అంగడిలోని వానిలో "బ్రిటిష్ బుల్‌డాగ్" అని పేరు పడిన పొట్టి రివాల్వరును అతడు ఎన్నుకొనెను. దాని గొట్టము చిన్నది, గుండు మాత్రము లావు. కోటు జేబులో ఇట్టే ఇముడును. పిడి విషయమై అతనికి ఒక ప్రత్యేకమైన పట్టుదల ఉండెను. ఏనాటికైనను ఆ రివాల్వరు ప్రదర్శనశాలలోని అద్దాల బీరువాకు చేరునని, అప్పుడు చూచువారికి కంటికింపుగా ఉండవలెనని అతని ఆలోచన. కొన్న పిమ్మట పొటోమాక్ నది ఒడ్డునకు పోయి గురి నేర్చుకొనెను. జూలై 2వ తేదీన రైలుస్టేషనులో అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డును వెనుకనుండి కాల్చెను. అధ్యక్షుడు సెప్టెంబరు 19న కన్నుమూసెను. రివాల్వరు నిజముగనే వస్తుప్రదర్శనశాలకు చేరినది. ఫొటో కూడ తీయబడినది. ఆ తరువాత ఎక్కడనో పోయినది. నేటికిని జాడ లేదు.

ఇట్టి విషయము హంతకుని కథతో మొదలగుట శుభసూచకము కాదు. కాని ఆత్మరక్షణకై ఆయుధము కొనుక్కొన్న సాధువర్తనుని ఎంపిక చరిత్రకెక్కదు. దుర్మార్గుని ఎంపిక న్యాయస్థానపు కాగితములలో నిలిచిపోవును. అంగడి బల్ల ముందు నిలిచినప్పుడు మాత్రము ఇద్దరు అడుగు ప్రశ్నలును ఒక్కటే: ఎంత చిన్నది, ఎంత గట్టిది, ఎంత వెల? వీనికి ముందే అడుగవలసిన నాలుగవ ప్రశ్న యొకటి కలదు. అది తరచు చిట్టచివరకు మిగిలిపోవుచుండును.

రివాల్వరు అనగా తిరుగుడు తుపాకి. పిడికిని గొట్టమునకును నడుమ ఒక చక్రము, ఆ చక్రములో ఐదో ఆరో గదులు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క తూటా. మీట నొక్కినకొలది చక్రము తిరిగి కొత్త తూటాను గొట్టము ఎదుటికి తెచ్చును. శామ్యుయెల్ కోల్టు అను యువకుడు 1836 ఫిబ్రవరి 25న అమెరికాలో దీనికి పేటెంటు పొందెను. అయితే ఆనాటి రివాల్వరు దాచుకొనదగినది కాదు. 1847లో కోల్టు తయారుచేసిన "వాకర్" అను రకము నాలుగున్నర పౌనుల బరువు తూగెను. దానిని మోయువాడు మనిషి కాదు, గుర్రము. జీను ప్రక్కన ఒరలో వ్రేలాడుచుండెడిది.

జేబులోనికి రివాల్వరును దింపినది స్మిత్, వెసన్ అను ఇద్దరు భాగస్వాములు. 1857లో వారు తెచ్చిన తొలి రివాల్వరు బొమ్మవలె ఉండెను. ఏడు చిన్న తూటాలు పట్టెడిది. చక్రమునకు ఈ కొస నుండి ఆ కొసకు రంధ్రము తొలిచి, లోహపు తూటాను వెనుకనుండి దూర్చు ఉపాయము రోలిన్ వైట్ అను వానిది. పేటెంటు అతనిది, లాభము వీరిది. ఒక్కొక్క రివాల్వరునకు పావు డాలరు చొప్పున అతనికి ముట్టెను గాని, పేటెంటును దొంగిలించినవారిపై వ్యాజ్యములు నడుపు భారము ఒడంబడిక ప్రకారము అతని నెత్తిననే పడెను. వచ్చినది వచ్చినట్లే వకీళ్ళకు పోయెను. గడువు పొడిగింపుమని అతడు శాసనసభ నాశ్రయింపగా సభ ఒప్పుకొనెను. అధ్యక్షుడు గ్రాంట్ 1870లో ఆ తీర్మానమును త్రిప్పి పంపెను. కనిపెట్టినవానికి కీర్తియైనను దక్కలేదు. ఆ ఆయుధము మీద వెలసినది ఇతరుల పేరే.

ఆయుధము చిన్నదైనకొలది చట్టము చిక్కులలో పడెను. దీనికి ఒక పూర్వచరిత్ర కలదు. కెంటకీ, లూయిసియానా రాష్ట్రములు 1813లోనే ఆయుధమును దాచుకొని తిరుగుటను నేరముగా పరిగణించినవి. అప్పటికి రివాల్వరు పుట్టనే లేదు. భయమెల్ల బాకులను, చిన్న పిస్తోళ్ళను గురించి. కెంటకీ చట్టమును అచ్చటి న్యాయస్థానము 1822లో కొట్టివేసెను. ప్రజలు ఊరకుండక, 1850లో తమ రాజ్యాంగమునే మార్చి దాచుటను నిషేధించు అధికారమును శాసనసభకు ఇచ్చిరి. ఆ కాలపు నీతి నేటివారికి వింతగా తోచును. నడుమునకు అందరు చూడగా పిస్తోలు కట్టుకొనువాడు నిక్కమైన మగవాడు. కోటు క్రింద దాచువాడు మాటు వేసిన పిరికివాడు. పందొమ్మిదవ శతాబ్దపు తీర్పులలో ఈ భావమే పలుమార్లు కనిపించును. నేటి అమెరికా నగరములలో లోకము తలక్రిందులైనది. బహిరంగముగా ఆయుధము ధరించి కాయగూరల అంగడికి వచ్చువానిని చూచి తల్లులు పిల్లలను దగ్గరకు తీసికొందురు. దాచుకొనువాడే మర్యాదస్థుడు.

న్యూయార్కు రాష్ట్రము 1911లో సలివన్ చట్టము చేసి, దాచుకొనదగిన చిన్న ఆయుధములకు లైసెన్సు తప్పనిసరి చేసెను. దాచుకొని తిరుగువాడు తగిన కారణము చూపవలెనను నిబంధన ఆ వెనుక చేరినది. నూరేండ్లకు పైగా నిలిచిన ఆ నిబంధనను 2022 జూన్ 23న అమెరికా సుప్రీముకోర్టు కొట్టివేసినది. లైసెన్సు మాత్రము మిగిలినది. వెర్మాంటు రాష్ట్రము ఇట్టి లైసెన్సును ఏనాడును అడుగలేదు. నేడు సగమునకు మించిన రాష్ట్రములలో, వయసు వచ్చి, శిక్ష పడనివాడు ఎవ్వరి అనుమతి లేకయే రివాల్వరును చొక్కా మాటున పెట్టుకొని వీథిలోనికి పోవచ్చును. కనుక ఒకప్పుడు పోలీసు అధికారియో న్యాయాధికారియో వేసిన ప్రశ్నలు ఇప్పుడు కొనువాడు తనకు తానే వేసికొనవలసి వచ్చినది.

నేడు "పొట్టిముక్కు" అను ముద్దుపేరుతో చెలామణి యగుచున్న రివాల్వరునకు తాత 1927 నాటి కోల్టు "డిటెక్టివ్ స్పెషల్". రెండంగుళముల గొట్టము, ఆరు తూటాలు, 21 ఔన్సుల బరువు. సాదా దుస్తులలో తిరుగు పోలీసుల కొరకు ఇది పుట్టెను. 1950లో స్మిత్ అండ్ వెసన్ వారు ఇంకను చిన్నది ఒకటి తయారుచేసి, కొలరాడో స్ప్రింగ్స్‌లో సమావేశమైన పోలీసు అధికారులకు చూపిరి. ఆ అధికారులు పెట్టిన "చీఫ్స్ స్పెషల్" అను పేరే దానికి స్థిరపడెను. ఇందు తూటాలు ఆరు కావు, ఐదే. ఒక్క తూటాను వదలుకొన్నందున చక్రము సన్నమై, నడుము దగ్గర ఉబ్బు తగ్గినది. ఈ ఆయుధపు చరిత్ర అంతయు ఇట్టి బేరమే. ఒకటి కావలెనన్న మరియొకటి వదలవలెను. అవ్వయు కావలెను, బువ్వయు కావలెను అనువానికి ఆ అంగడిలో వస్తువు దొరకదు.

ఈ బేరమును పాఠశాలలోని భౌతికశాస్త్రముతోనే చూపవచ్చును. గుండు ముందునకు పోవునప్పుడు తుపాకి వెనుకకు తన్నును. ఇది న్యూటను మూడవ సూత్రము. తూటా అదియే యుండగా తుపాకి బరువు సగము చేసినచో, వెనుకకు వచ్చు వేగము రెట్టింపగును, చేతికి తగులు శక్తియు రెట్టింపగును. ఉక్కుకు బదులు అల్యూమినియము వాడిన రివాల్వరులు 1950 ప్రాంతముననే వచ్చినవి. చక్రమును కూడ అల్యూమినియముతో చేసి చూచిరి. అది పగులుటచే మరల ఉక్కునకే వచ్చిరి. నేడు స్కాండియము కలిపిన చట్రము, టైటానియము చక్రముతో 12 ఔన్సులకు లోబడిన రివాల్వరు దొరకుచున్నది. జేబులో ఉన్నట్లే తోచదు. కాని అందు పెద్ద తూటా పెట్టి ఒక్కసారి కాల్చినవాడు రెండవసారి కాల్చుటకు జంకును. ఆ తన్ను ఎంత తీవ్రమైనదనగా, ఒక తూటాను కాల్చునప్పటి కుదుపునకు ప్రక్క గదులలోని తూటాల గుండ్లు తమ గొట్టముల నుండి ఊడి ముందునకు జరిగి చక్రమునకు అడ్డుపడవచ్చును. అందుచే ఏ బరువునకు తక్కువైన గుండు వాడరాదో తయారుచేసినవారు గొట్టము మీదనే చెక్కవలసి వచ్చెను.

గురి సంగతి చూడుడు. గొట్టము కొసనున్న చిన్న ముల్లును, వెనుకనున్న గాడిని కంటితో ఒక వరుసకు తెచ్చుటయే గురి. ఆ రెంటికి నడుమ దూరము 20 సెంటీమీటర్లు ఉన్నదనుకొందము. ముల్లు ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, 10 మీటర్ల దూరమున గుండు 5 సెంటీమీటర్లు తప్పును. ఆ నడిమి దూరము 10 సెంటీమీటర్లకు కుదించినచో, అదే పొరపాటునకు గుండు 10 సెంటీమీటర్లు తప్పును. పొట్టి తుపాకి వంకర తుపాకి కాదు. అది మన్నించని తుపాకి. దానికి తోడు మందు పూర్తిగా కాలుటకు రెండంగుళముల గొట్టము చాలదు. మిగిలినది మూతి దగ్గర మంటగా, చెవులు చిల్లులు పడు ధ్వనిగా పోవును. పిట్ట కొంచెము, కూత ఘనము.

ఇక మీట. సుత్తిని వెనుకకు లాగుట, చక్రమును త్రిప్పుట, సుత్తిని విడుచుట అను మూడు పనులను ఒక్క వ్రేలు చేయవలెను. అందుకు సుమారు 12 పౌనుల బలము కావలెను. 15 ఔన్సుల బరువు గల వస్తువును కదలనీయక పట్టుకొని, దాని బరువునకు పన్నెండు రెట్లు మించిన బలముతో మీట నొక్కవలెనన్నమాట. అనుభవము లేనివాని చేతిలో మూతి ప్రక్కకు వాలిపోవుటలో ఆశ్చర్యమేమున్నది? అయినను ఈ బరువైన మీటయే పలువురిని రివాల్వరు వైపు త్రిప్పుచున్నది. స్వయంచాలక పిస్తోలునకు వలె వేరుగా ఒక భద్రపు మీటను గుర్తుంచుకొనవలసిన పని లేదు. తూటా పేలకున్న మరల నొక్కుటతో కొత్తది ఎదుటికి వచ్చును. నెలల తరబడి సొరుగులో పడియున్నను స్ప్రింగు చచ్చునను భయము లేదు. తూటాలు ఐదే యని, మరల నింపుట ఆలస్యమని దీని మీద నిందలు. 1980 ప్రాంతము నుండి అమెరికా పోలీసులు ఎక్కువ తూటాలు పట్టు పిస్తోళ్ళకు మారిపోయిరి. పౌరుల జేబులలో పొట్టిముక్కు మాత్రము నిలిచినది.

సుత్తికి వెనుక కొక్కెమువంటి కొస ఉండును. జేబునుండి తీయునప్పుడు అది బట్టకు తగులుకొనును. కోల్టు కంపెనీలో పనిచేసిన జాన్ హెన్రీ ఫిట్జ్‌జెరాల్డ్ 1920 ప్రాంతము నుండి ఈ కొసను కోసివేయుట మొదలిడెను. అంతటితో ఆగక, మీట చుట్టు రక్షణగా నుండు కమ్మీ ముందుభాగమును కూడ కోసివేసెను. వ్రేలు త్వరగా మీటకు చేరునని ఆయన వాదము. త్వరగా చేరునది వ్రేలొక్కటే కాదు, తాళపుచెవియైనను, చొక్కా అంచైనను చేరవచ్చును. నిపుణుని చేతికి తగినది నేర్చుకొనువాని చేతికి తగదను మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు. సుత్తిని పూర్తిగా లోపలనే కప్పివేసిన రకములు మేలైనవి. వానిని గూర్చి ముందు చెప్పవలసియున్నది.

మన దేశమున ఈ ఎంపిక అంగడిలో కాక ప్రభుత్వ కార్యాలయములో మొదలగును. 1878 నాటి ఆయుధ చట్టము భారతీయునికి లైసెన్సు విధించి ఐరోపావారికి మినహాయింపు నిచ్చెను. స్వతంత్ర భారతము చేసిన 1959 నాటి చట్టము 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చెను. సైన్యము, పోలీసు వాడు 38, 455 నంబరు రివాల్వరులు సామాన్యునికి నిషిద్ధములు. అందుచే కాన్పూరు కర్మాగారములు 32వ నంబరు రివాల్వరులను చేయుచు వచ్చినవి. ఆ తూటా 1896లో అమెరికాలో పుట్టినది. పుట్టినింట వెనుకబడి, మెట్టినింట వెలిగినది. ఢిల్లీలో 2012 డిసెంబరున జరిగిన ఘోరము పిమ్మట, 2014 జనవరిలో స్త్రీల కొరకని "నిర్భీక్" అను తేలిక రివాల్వరును విడుదల చేసిరి. బరువు సుమారు అర కిలో, వెల 1,22,360 రూపాయలు. బస్సులో పనికి పోవు స్త్రీకి ఆ వెలలో ఎన్ని నెలల జీతము కలదో లెక్క వేసినవారు, అది ఎవరి రక్షణకు పుట్టినదని అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2016 నాటి నియమములు లైసెన్సు కోరువానికి ఆయుధ భద్రతా శిక్షణను కూడ విధించినవి.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఆ కార్యాలయపు మెట్లు ఎక్కు పని లేదు. పొరుగింటివాడు కొన్నాడని, వీథిలో దొంగతనము జరిగినదని వినినప్పుడు, ఇంటాయన కూడ ఆదివారము నాడు అంగడికి పోవచ్చును. అంగడివాడు చేతి కొలత చూచును, పిడి పట్టించును, మీట నొక్కించును. ఇంతవరకు మంచిదే. చేయి చిన్నదైనవారికి మీట దూరమగును; పెద్దదైనవారికి చిటికెన వ్రేలు గాలిలో నిలుచును. ఒక్క రివాల్వరును కొనుటకు ముందు నాలుగైదు రకములు అద్దెకు తీసికొని కాల్చి చూచుట ఉత్తమము. రెండు ఔన్సులు బరువెక్కువయైనను చేతికి లొంగునదే మేలని, అనుభవము కలవారిలో పలువురు చెప్పుదురు. కాని ఒక దినమున రివాల్వరు చేతిలో నుండు సమయమెంత? నడుమున నుండునది కొన్ని గంటలు. మిగిలిన వేళలందు అది ఎక్కడ ఉండును, ఆ యింట ఇంకెవ్వరు ఉందురు? ఇదియే ఆ నాలుగవ ప్రశ్న.

2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రములోని హేడెన్ పట్టణమున ఒక పెద్ద అంగడిలో, సామాను బండిలో కూర్చున్న రెండేండ్ల బాలుడు తల్లి చేతిసంచిలో చేయి పెట్టెను. అందున్న పిస్తోలు పేలి తల్లి అక్కడికక్కడే మరణించెను. ఆమెకు లైసెన్సు కలదు. ఆ సంచి సామాన్యమైనది కాదు. ఆయుధము దాచుటకే జిప్పుతో ప్రత్యేకమైన అర కుట్టినది. అది రివాల్వరు కాదు, మీట తేలికయైన స్వయంచాలక పిస్తోలు. రివాల్వరే యైనచో ఏమగునో ఎవరును చెప్పలేరు. బరువైన మీట రెండేండ్ల వ్రేలికి లొంగకపోవచ్చును. కాని 1995లో ప్రచురితమైన ఒక వైద్య పరిశోధనలో మూడు నాలుగేండ్ల పిల్లలలో కొందరును, ఏడెనిమిదేండ్లవారిలో చాలమందియు రెండు వ్రేళ్ళతో పలురకముల పిస్తోళ్ళ మీటలను నొక్కగల బలము కలవారని తేలినది.

ఈ భయము నూరేండ్లకు మించినది. డేనియల్ వెసన్ ఒక బాలుడు రివాల్వరుతో గాయపడిన సంగతి విని కలత చెంది, పసిచేతికి పేలని రివాల్వరును చేయ సంకల్పించెనని ఒక కథ చెప్పుదురు. కథ మాట యెట్లున్నను, 1887లో ఆయన కంపెనీ విడుదల చేసిన రివాల్వరు మాత్రము నిజము. సుత్తి పైకి కనిపించదు, లోపల దాగియుండును. పిడి వెనుక ఒక లోహపు పలక. పిడిని గట్టిగా పిడికిట బిగించి, ఆ పలకను అదిమి, అదే సమయమున మీటను నొక్కినగాని పేలదు. పిల్లల చేతికి ఈ రెండు పనులును ఒక్కసారి చేయుట కష్టము. జనులు దానికి "నిమ్మకాయ పిండునది" అని పేరు పెట్టిరి.

కొన్ని యేండ్లకు పోటీదారుడైన ఐవర్ జాన్సన్ కంపెనీ వేరొక ఉపాయము కనిపెట్టెను. మీట పూర్తిగా నొక్కినప్పుడు తప్ప, సుత్తిని ఎంత కొట్టినను తూటాకు దెబ్బ తగులదు. ఉపాయము గొప్పదే, నేటి రివాల్వరులలో ఒక రూపమున అది కలదు. కాని దానిని చాటుటకు వారు వేయించిన ప్రకటన చూచినవారికి నేడు ఒళ్ళు జలదరించును. పడకపై చిన్న పాప కూర్చుండును. ప్రక్కన బొమ్మ. చేతిలో రివాల్వరు. దీనివలన దెబ్బ తగులదని నాన్న చెప్పినాడను భావము క్రింద వ్రాసియుండును. క్రింద పడినను పేలదనుటకును, పిల్ల చేతికి ఈయవచ్చుననుటకును ఉన్న వ్యత్యాసము ఆ ప్రకటన వ్రాసినవానికి తోచలేదు. 1901 సెప్టెంబరు 6న బఫెలో నగరమున చోల్‌గోష్ అనువాడు చేతిరుమాలు చుట్టి దాచి, అధ్యక్షుడు మెకిన్లీని కాల్చిన రివాల్వరు కూడ ఆ కంపెనీదే. 32వ నంబరు, వెల నాలుగున్నర డాలర్లు.

వెసన్ పలకను 1952లో, కంపెనీ నూరేండ్ల పండుగకు "సెంటెనియల్" అను పేర మరల తెచ్చిరి. సుత్తి లోపలనే, పలక వెనుకనే. కొన్నవారిలో కొందరు పలకను నచ్చక, సూది వేయించి కదలకుండ బిగింపించుకొనిరి. 1990 ప్రాంతమున ఆ రకము కొత్త రూపమున వచ్చినప్పుడు పలక లేదు. 2001లో కంపెనీ చేతులు మారిన పిమ్మట, చక్రము వెనుక ఎడమవైపున చిన్న రంధ్రమొకటి పెట్టి, చిన్న తాళపుచెవితో లోపలి యంత్రమును బంధించు ఏర్పాటు చేసిరి. ఆపదలో తనంత తాను బిగిసిపోవునేమోయని కొందరికి భయము. ఆ రంధ్రము చూపునకు బాగుండలేదని మరికొందరికి కోపము. అట్టివారి కొరకు రంధ్రము లేని రకములను కూడ కంపెనీ అమ్ముచున్నది. అంగడిలో రెండును ప్రక్కప్రక్కనే ఉండును.